అమ్మాయి వృద్ధుల సంరక్షణ వృత్తిలోకి వెళ్తానంటోంది, ఏమనాలి?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లె. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది. మా అత్తగారు పక్షవాతంతో రెండేళ్లుగా మంచంలోనే ఉన్నారు. ఆవిడ స్నానం, మందులు, అన్నం తినిపించడం అన్నీ అమ్మాయే చూస్తోంది. ఇదే పనిని వృత్తిగా తీసుకుంటానని పట్టుబడుతోంది. బంధువులేమో ‘ఆయా పనికి చదువెందుకు’ అంటున్నారు. వృద్ధాశ్రమం పెడితే కేంద్రం కోటి రూపాయలిస్తుందని, కాగితాలు తాను చూసుకుంటానని ఒకాయన వెంటపడుతున్నారు. ఏం చేయమంటారు? – ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు ఆ కోటి రూపాయల సంగతి తేల్చుకుందాం. ఆయనకు ఇంతవరకు ఒక్క రూపాయి కూడా ఇచ్చి ఉండరనే ఆశిస్తున్నాను. ఇకముందూ ఇవ్వకండి.

ఆయన చెబుతున్న పథకం నిజంగానే ఉంది. పేరు సేజ్. 2021 జూన్‌లో కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత శాఖ దాన్ని ప్రారంభించింది. వృద్ధులకు పనికొచ్చే వస్తువులు, సేవలు అందించే అంకుర సంస్థలను ఎంపిక చేసి, ఒక్కో ప్రాజెక్టులో కోటి రూపాయల వరకు వాటాధనంగా పెట్టడం దాని పద్ధతి. కంపెనీలో ప్రభుత్వ వాటా 49 శాతం దాటకూడదు. ఇది గ్రాంటు కాదు, సబ్సిడీ కూడా కాదు. ప్రభుత్వం మీ కంపెనీలో భాగస్వామిగా చేరుతుందన్నమాట. అలా చేరాలంటే ముందు మీకు కంపెనీ ఉండాలి, అది నిలబడుతుందని కమిటీ నమ్మాలి. పద్దెనిమిదేళ్ల అమ్మాయి పేరుమీద ఎవరో కాగితాలు నింపితే వచ్చే డబ్బు కాదు.

ఆశ్రమాలకు నేరుగా గ్రాంటు ఇచ్చే పథకం వేరే ఉంది. 1992 నుంచి నడుస్తున్న వృద్ధుల సమగ్ర కార్యక్రమం ఇప్పుడు అటల్ వయో అభ్యుదయ యోజనలో భాగం. నమోదైన సొసైటీలు, ట్రస్టుల వంటి సంస్థలు నడిపే ఆశ్రమాలకు ఈ సాయం అందుతుంది. సాధారణంగా 25 మంది నిరుపేద వృద్ధులను ఒక ప్రమాణంగా తీసుకుని, భోజనం, మందులు, సిబ్బంది గౌరవ వేతనం వంటి పద్దుల కింద లెక్కగట్టి ఇస్తారు. పాత విడతకు వినియోగ పత్రాలు, ఆడిట్ లెక్కలు చూపిస్తూ ఉండాలి. ఆ డబ్బు దిక్కులేని వారికి అన్నం పెట్టడానికి ఇచ్చేది. లాభం కోసం నెలకింతని ఫీజు తీసుకుని నడిపే గృహాలకు అది వర్తించదు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం (2007) 19వ సెక్షన్ జిల్లాకొక ఆశ్రమం ఉండాలంటున్నదీ నిరుపేదల కోసమే.

ఫీజు కట్టి ఉంటూ రోజువారీ పనుల్లో సాయం పొందే సహాయక నివాసాలకు ప్రభుత్వం నుంచి వచ్చింది ప్రధానంగా మార్గదర్శకాలే. 2019లో కేంద్ర గృహనిర్మాణ శాఖ పదవీ విరమణ చేసినవారు ఉండే గృహాల గురించి నమూనా నిబంధనలు విడుదల చేసింది. ఖర్చు మాత్రం కుటుంబానిదే. డెబ్బై ఏళ్లు నిండిన వారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద ఏటా 5 లక్షల రూపాయల వరకు వైద్యం 2024 నుంచి అందుతోంది కదా అనవచ్చు. అది ఆసుపత్రిలో చేరితే పనికొచ్చేది. ఇంట్లో రోజూ పక్క తిప్పి, ఒళ్లు తుడిచే మనిషి జీతానికి అది రాదు.

జపాన్‌లో ఈ జీతానికి ఒక ఏర్పాటు ఉంది. అక్కడ 2000 సంవత్సరం నుంచి దీర్ఘకాల సంరక్షణ బీమా నడుస్తోంది. నలభై దాటిన ప్రతి ఒక్కరూ ప్రీమియం కడతారు, ఇంచుమించు అంతే మొత్తాన్ని ప్రభుత్వాలు పన్నుల నుంచి కలుపుతాయి. సేవ పొందేవారు మామూలుగా పదో వంతు భరిస్తే చాలు. అందుకే ఆ పనికి అక్కడ స్థిరమైన జీతం ఉంది. మనకు అలాంటి బీమా లేదు. ఇక్కడ మీ అమ్మాయి జీతం తను సేవ చేసే కుటుంబం స్తోమతను బట్టి ఉంటుంది. దీన్ని తెలుసుకునే దిగాలి.

మరి ప్రభుత్వ డబ్బు మీ అమ్మాయికి అసలు ఉపయోగపడదా? శిక్షణలో ఉపయోగపడుతుంది. అటల్ వయో అభ్యుదయ యోజనలోనే వృద్ధుల సంరక్షకులకు శిక్షణ ఒక భాగం. సామాజిక న్యాయ శాఖ కింద పనిచేసే జాతీయ సామాజిక రక్షణ సంస్థకు ఈ విషయంలో కోర్సులున్నాయి. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన కేంద్రాల్లో జనరల్ డ్యూటీ అసిస్టెంట్, హోమ్ హెల్త్ ఎయిడ్ వంటి కోర్సులను ఫీజు లేకుండా నేర్పుతారు. చేరే ముందు ఒక్కటి చూడండి: మంచం పక్కన నిలబెట్టి నేర్పుతున్నారా, తరగతి గదిలో నోట్సు చెప్పించి సరిపెడుతున్నారా? ఆసుపత్రి వార్డుకు పంపని కేంద్రం ఉచితమైనా వద్దు.

‘ఆయా పని’ అనేవారికి నా తరఫున ఒక మాట చెప్పండి. కదల్లేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే నడుము కింద పుండు పడుతుంది. పడుకోబెట్టి నీళ్లు తాగిస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు. మధుమేహం ఉన్నవారి కాలివేళ్ల మధ్య రోజూ చూడాలి. మతిమరుపు వచ్చిన పెద్దాయన సాయంత్రమయ్యేసరికి ‘ఇంటికి పోతాను’ అని లేస్తే, వాదించకుండా మరోవైపు మళ్లించడం తెలియాలి. మీ అత్తగారికి రెండేళ్లలో పక్క పుండ్లు పడలేదంటే ఆ ఘనత మీ అమ్మాయిదే. ఆ చేతికి పట్టా తోడైతే చాలు.

ఆ పట్టా మాత్రం మూడు నెలల కోర్సుతో ఆగకూడదని నేను గట్టిగా అనుకుంటున్నాను. బైపీసీ చదివిన పిల్ల కాబట్టి నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ మొదటి ఎంపిక. సీటు రాకపోతే మూడేళ్ల నర్సింగ్ డిప్లొమా, అంటే జీఎన్ఎం. రిజిస్టర్డ్ నర్సుకు ప్రభుత్వాసుపత్రుల పోస్టులకు దరఖాస్తు చేసే అర్హత వస్తుంది. వృద్ధుల ఆరోగ్య సంరక్షణ జాతీయ కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రుల్లో పది పడకల వృద్ధుల వార్డులు పెట్టారు. రేపు ప్రైవేటు సంరక్షణ గృహంలో చేరినా పర్యవేక్షకురాలిగా చేరుతుంది. చిన్న కోర్సుతో మొదలుపెడితే అటెండర్ జీతం దగ్గరే ఏళ్లు గడిచిపోతాయి. ఇంట్లో డబ్బు కటకటగా ఉంటే మాత్రం ముందు చిన్న కోర్సు చేసి, సంపాదిస్తూ తర్వాత జీఎన్ఎంలో చేరడం తప్పేమీ కాదు.

విదేశాల మాట కూడా వస్తుంది. ఇజ్రాయెల్‌లో సంరక్షకులుగా ఉన్న తెలుగువారిలో మీ గోదావరి జిల్లాల నుంచి వెళ్లినవారూ ఉన్నారు. జపాన్‌కైతే సంరక్షణ నైపుణ్య పరీక్షతో పాటు జపనీస్ భాషా పరీక్షలు నెగ్గాలి. ఆ వీసాపై అయిదేళ్ల వరకు పనిచేయవచ్చు. అక్కడి జాతీయ సంరక్షకుల పరీక్ష నెగ్గితే ఇంకా ఎక్కువ కాలం ఉండవచ్చు. ఏ దేశమైనా, ఏజెంటు పేరు విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ జాబితాలో ఉందో లేదో చూడందే పాస్‌పోర్టు చేతికివ్వకండి. ఇదంతా చదువయ్యాక.

మీ ఉత్తరంలో లేని విషయం ఒకటి నన్ను కలవరపెడుతోంది. అమ్మాయి హాస్టల్‌కు వెళ్తే అత్తగారిని ఎవరు చూస్తారు? ఆ బెంగతో చదువు మానేసిన పిల్లలను నేను చూశాను. ఆంధ్రప్రదేశ్‌లో పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన వారికి ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 15,000 రూపాయల పింఛను ఉంది. మామూలు వృద్ధాప్య పింఛను 4,000. అత్తగారికి ఇప్పుడు ఏది వస్తోంది? నాలుగు వేలే అయితే వైద్యుల ధ్రువీకరణకు ఏం కావాలో మీ ఊరి సచివాలయంలో అడగండి. మన రాష్ట్రంలో ఇంట్లో సేవకు ప్రభుత్వం నుంచి అందే అసలైన ఆసరా అదే. దానితో పగటిపూటకు ఒక మనిషిని పెట్టుకోవచ్చు. కాలేజీ తెరిచేలోపు అమ్మాయి దగ్గర మీరూ, మీ వారూ కూర్చుని పక్క తిప్పడం, తినిపించడం నేర్చుకోండి. సందేహం వస్తే వయోవృద్ధుల సహాయవాణి 14567కు ఫోను చేయండి.