ఊరు కార్పొరేషన్‌లో కలిసింది, ఇంటి పన్ను పెరుగుతుందా?

మీ ఊరు మహబూబ్‌నగర్ కార్పొరేషన్‌లో కలిసింది, పన్ను పెరిగితే ఊరికి లాభమా నష్టమా అని అడిగారు. పాలమూరు వైపే మా ఊరు కూడా కొన్నేండ్ల కింద ఒక చిన్న మున్సిపాలిటీలో కలిసింది. నేను చూసింది చెప్తాను.

చాలామందికి పన్ను పెరుగుతుంది, అందులో అనుమానం లేదు. పంచాయతీ లెక్క వేరు, పట్టణం లెక్క వేరు. పట్టణంలో ఏ జోన్ (ఏ ప్రాంతం), స్లాబా రేకులా, ఉండటానికా వ్యాపారానికా, కొలత ఎంత అని చూసి, ఏడాదికి వచ్చే కిరాయిని అంచనా కట్టి పన్ను వేస్తూ వచ్చారు. అయితే 75 గజాల లోపు స్థలంలో జి ప్లస్ వన్ (కింద, పైన ఒక అంతస్తు) వరకు ఇల్లుంటే మన తెలంగాణ 2019 మున్సిపల్ చట్టం ప్రకారం ఏడాదికి 100 రూపాయలే. ఊర్లో చాలామందికి ఈ సంగతి తెలియదు, దయచేసి చెప్పండి.

అసలు గొడవ కొలతల దగ్గరే వస్తుంది. మా చిన్నమ్మ ఇంటి ముందున్న రేకుల కొట్టాన్ని దుకాణం కింద రాసుకుపోయారు. అందులో ఉండేది రెండు బర్రెలు, గడ్డి మోపులు! ఫోటోలు, ఇంటి కరెంటు బిల్లు జిరాక్స్ పెట్టి కమిషనర్ పేరు మీద దరఖాస్తు ఇచ్చాం. మళ్లీ వచ్చి కొలిచి దిద్దారు. అదే వీధిలో కింద షాపులు, పైన కిరాయి ఇండ్లు ఉన్న బిల్డింగేమో నివాసం కిందనే ఉండె. నన్నడిగితే సంస్కరణ అక్కడ మొదలుకావాలి. పెద్ద బిల్డింగుల లెక్క సరిచేస్తే పేదల మీద రేటు పెంచే అవసరం చాలావరకు తప్పుతుంది.

ఇంకో దెబ్బ గురించి ఆఫీసర్లు ముందుగా చెప్పరు. ఉపాధి హామీ పల్లెలకే, పట్టణంలో కలిస్తే ఆ పని పోతుంది. మా దగ్గర ఎండకాలం కూలీ మీద బతికే ఆడవాళ్లకు ఇది ఇంటి పన్ను కంటే పెద్ద నష్టమైంది. వీధి లైట్లు తొందరగానే వచ్చాయి. మోరీల కోసం మాత్రం వార్డంతా కలిసి తిరగాల్సి వచ్చింది.

నోటీసు రాగానే కొలత, వాడకం రెండూ చూసుకోండి. ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్ నెలాఖరులోపు కడితే 5 శాతం తగ్గిస్తారు, పన్ను కట్టే అసలు గడువు దాటితే నెలకు 2 శాతం వడ్డీ. తప్పుంటే కాగితం మీద రాసిచ్చి, రసీదు తీసుకోండి.