పాస్‌పోర్టులో దాగిన పాత ‘లెట్’

ప్రశ్న: మా అమ్మాయి పాస్‌పోర్టులో రాష్ట్రపతి పేరిట ఉన్న విజ్ఞప్తి చదివాను. ఆమెను ‘వితౌట్ లెట్ ఆర్ హిండ్రెన్స్’ వెళ్లనివ్వాలని అందులో ఉంది. ‘లెట్’ అంటే అనుమతించడమని చదువుకున్నాం కదా! ‘అనుమతీ ఆటంకమూ లేకుండా’ అంటే పొసగడం లేదు. ఇది అచ్చుతప్పా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అచ్చుతప్పు కాదండీ. మీరు బడిలో నేర్చుకున్న ‘లెట్’ వేరు, ఇది వేరు. పాత ఇంగ్లీషులో అడ్డగించడానికి ‘లెట్టన్’ అనీ, వదలడానికి, పోనివ్వడానికి ‘లేటన్’ అనీ రెండు క్రియలుండేవి. వీటిలో మొదటిది మందగించిన, ఆలస్యమైన అనే అర్థమున్న విశేషణం నుంచి పుట్టింది. ఆ విశేషణమే నేడు మనమూ రోజూ వాడే ‘లేట్’. ఒక మనిషిని ఆలస్యం చేయడమంటే అతనికి అడ్డుపడటమే కాబట్టి అర్థం అలా సాగింది. కాలక్రమంలో ‘లేటన్’లోని దీర్ఘం హ్రస్వమై, రెండింటి చివరి ప్రత్యయాలూ రాలిపోయేసరికి, పరస్పర విరుద్ధమైన రెండు క్రియలకూ ‘లెట్’ అనే ఒకే రూపం మిగిలింది. ఇంకా వెనక్కి వెళితే రెండింటికీ మూలం సడలడం అనే అర్థమున్న ఒకే ధాతువని భాషాశాస్త్రజ్ఞులు అంటారు: పట్టు సడలినవాడు వెనకబడతాడు, పట్టు సడలించినవాడు వదిలేస్తాడు.

కొన్ని శతాబ్దాలపాటు రెండూ పక్కపక్కనే బతికాయి. షేక్‌స్పియర్ నాటకంలో తండ్రి ప్రేతం వెంట వెళ్లబోతున్న హామ్లెట్, తనను పట్టుకుని ఆపుతున్న మిత్రులతో, తనను ‘లెట్’ చేసినవాణ్ణి ప్రేతంగా మార్చేస్తానంటాడు. నేటి అర్థంతో చదివితే, దారి ఇచ్చినవాణ్ణే చంపుతానన్నట్టు ఉంటుంది! 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో, రోమీయుల వద్దకు రావాలని ఎన్నోసార్లు అనుకున్నా ఇంతవరకు ‘లెట్’ అయ్యానని పౌలు రాస్తాడు. 1881లో వెలువడిన సవరించిన కొత్త నిబంధనలో అక్కడ ‘హిండర్డ్’ అని మార్చారు. అప్పటికి ఆ క్రియ సామాన్య పాఠకుడికి అందకుండా పోయిందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు. అడ్డుకోవడానికి ‘హిండర్’, ‘స్టాప్’, ‘ప్రివెంట్’ వంటి మాటలు ఉండగా, తికమక పెట్టే మాటను జనం వదులుకోవడంలో వింత లేదు.

క్రియ పోయినా నామవాచకం మాత్రం పూర్తిగా పోలేదు. సమానార్థకాలను జంటగా వాడటం ఇంగ్లీషు న్యాయవాదులకు పాత అలవాటు కాబట్టి ‘లెట్ ఆర్ హిండ్రెన్స్’ దస్తావేజులలో నిలిచి, బ్రిటిష్ పాస్‌పోర్టులోకీ, అక్కడి నుంచి మన పాస్‌పోర్టులోకీ వచ్చింది. మన ‘అడ్డూ ఆపూ లేకుండా’ దానికి అచ్చమైన తెలుగు; అందులోనూ జంట మాటలే ఉండటం నాకు ముచ్చటగా తోస్తుంది.

టెన్నిస్‌లో సర్వీసు బంతి వలను తాకి సరైన గడిలోనే పడితే వినిపించే ‘లెట్’ కూడా అడ్డంకి అనే అర్థమున్న ఈ మాటేనని పండితుల వివరణ. దానిని ‘నెట్’ అని పొరబడేవారు చాలామంది ఉన్నారు. అయితే పక్క కోర్టు నుంచి బంతి దొర్లుకుంటూ వచ్చి ఆటకు అడ్డుపడినా ‘లెట్’ అనే అంటారు. అక్కడ వల ప్రసక్తే లేదు.