కాళ్లు ఒత్తే ముందు లైటు వేసి అరికాళ్లు చూడండి

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర పల్లెటూరు. మా అత్తమ్మకు 58 ఏళ్లు, పదేళ్ల నుంచి షుగర్ ఉంది. ఇప్పుడు రోజూ నాట్లకు పోతున్నది. రాత్రి పడుకుంటే పిక్కలు గుంజుతున్నాయని, అరికాళ్లు మండుతున్నాయని అంటుంది. ఉడుకు నీళ్ల బకెట్‌లో కాళ్లు పెట్టించి, బామ్ రాసి ఒత్తుతున్నాను. ఒక్కోసారి మా బాబును కాళ్ల మీద నిలబడి తొక్కమంటుంది. ఇట్లా చేయొచ్చా? కాళ్లు ఎట్లా ఒత్తితే హాయిగా ఉంటుంది?

జవాబు: ఒత్తండమ్మా, తప్పకుండా ఒత్తండి. పొద్దంతా బురదలో వంగి, వెనక్కి అడుగులు వేసుకుంటూ నాటు వేస్తే, ప్రతి అడుగుకూ పాదాన్ని బురదలోంచి పీకాల్సిందే కదా, ఆ బరువంతా పిక్కల మీద, అరికాలి కండరాల మీద పడుతుంది. రాత్రికి కాళ్లు గుంజడంలో వింతేమీ లేదు. ఒత్తితే బిగుసుకున్న కండరం వదులవుతుంది, నిద్ర పడుతుంది. కానీ మీరు రాసినవాటిలో మూడు పనులు ఈ రోజు నుంచే మానేయాలి: ఉడుకు నీళ్లు, బామ్, పిల్లాడితో తొక్కించడం.

ఎందుకో చెప్తాను. పదేళ్ల షుగర్‌లో చాలామందికి పాదాల నరాలు దెబ్బతింటాయి. మంట, తిమ్మిరి దాని గుర్తులే. విచిత్రం ఏమిటంటే మండే కాలికే స్పర్శ తగ్గిపోయి ఉండొచ్చు. మామూలుగా కాళ్లు ఒత్తేటప్పుడు "గట్టిగా ఉందా, మెల్లగా చేయనా" అని అడిగి వాళ్లు చెప్పినట్టు చేస్తాం. మీ అత్తమ్మ విషయంలో ఆ మాట మీద ఆధారపడలేం. నీళ్లు కాలుతున్నా "బాగుంది" అనే అంటుంది, తెల్లారేసరికి బొబ్బ కనిపిస్తుంది. ఆ బొబ్బ పుండైతే షుగర్ ఉన్నవాళ్లకు మానడం కష్టం, వేలు తీసేయాల్సి వచ్చిన వాళ్లున్నారు. బామ్ కూడా అంతే, పగుళ్లలో పడి తోలును రేపుతుంది, నరాల మంటకు అది మందు కాదు. ఇక తొక్కించడం అంటారా, ఆ వయసు ఆడవాళ్లలో చాలామందికి ఎముకలు పలచబడి ఉంటాయి, పిల్లాడి బరువు ఏ పక్క పడుతుందో ఎవరికి తెలుసు?

కాబట్టి ఒత్తడానికి ముందు చూడటం. మంచి వెలుతురులో, లేకపోతే ఫోన్ టార్చ్ వేసి, రెండు అరికాళ్లు, మడమలు, ప్రతి వేలి సందు చూడండి. పొలం పనికి పోయే కాలిలో తుమ్మ ముల్లు విరిగి ఉన్నా, గట్టు మీద గాజుపెంకు గీరినా షుగర్ మనిషికి తెలియకపోవచ్చు, కుంటకుండానే నడుస్తుంటారు. బురదలో నానీ నానీ వేళ్ల మధ్య తోలు తెల్లగా ఉబ్బి వాసన వస్తుంటే అది ఫంగస్ కావచ్చు. పుండు, చీము, ఎర్రదనం, ఒకచోట వేడి, ఏది కనిపించినా ఆ రోజు ఆ కాలు ఒత్తొద్దు, మర్నాడే డాక్టర్‌కు చూపించండి.

ఏమీ లేకపోతే గోరువెచ్చని నీళ్లు, సబ్బుతో కాళ్లు కడగండి. నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో మీ మోచేతితో మీరే చూడాలి, ఆమె కాలితో కాదు. బకెట్‌లో నానబెట్టొద్దు, నానితే తోలు ఇంకా పగులుతుంది. మెత్తని బట్టతో వేళ్ల సందులు కూడా తడి లేకుండా తుడవండి. మీ చేతి గోళ్లు కత్తిరించుకుని, గాజులు, ఉంగరాలు పక్కన పెట్టండి.

ఆమెను మంచం మీద వెనక్కి ఆనించి, మోకాళ్ల కింద దిండు పెట్టండి, కాలు గాలిలో వేలాడకూడదు. కొబ్బరి నూనె గానీ నువ్వుల నూనె గానీ ఒక చెంచా చాలు, ముందు మీ అరచేతుల్లో రుద్దుకోండి. వేళ్ల సందుల్లో మాత్రం నూనె పోయొద్దు. మొదట రెండు చేతులతో పాదాన్ని పట్టుకుని వేళ్ల నుంచి చీలమండ దాకా మెల్లగా నిమరండి, అయిదారు సార్లు. తర్వాత మీ రెండు బొటనవేళ్లను అరికాలి మీద ఆనించి, మడమ నుంచి వేళ్ల మొదలు దాకా చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు జరుపుకుంటూ పోండి. పాదం మధ్య గుంటలో కాస్త ఎక్కువసేపు ఉండండి. ఎంత ఒత్తాలి అంటే, అదే ఒత్తిడి ముందు మీ ముంజేతి మీద పెట్టి చూసుకోండి, మీకు హాయిగా ఉన్నంతే ఆమెకు, అంతకు మించొద్దు. పిండి పిసికినట్టు గట్టిగా పిసకొద్దు.

ఆ తర్వాత ఒక్కో వేలిని మొదట్లో పట్టుకుని మెల్లగా అటూ ఇటూ తిప్పి వదలండి, మెటికలు విరవకండి. చీలమండను ఒక చేత్తో పట్టుకుని పాదాన్ని గుండ్రంగా అటు అయిదుసార్లు, ఇటు అయిదుసార్లు తిప్పండి. (మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి కీళ్లు బిగుసుకున్న పెద్దవాళ్లు ఉంటారు, వాళ్ల కీలు ఎంత తిరిగితే అంతే తిప్పాలి, బలవంతం అసలే వద్దు.) చివరగా పిక్కను అరచేతితో కింది నుంచి పైకి, మోకాలి దిక్కు నిమరండి. ఒక్కో కాలికి పది నిమిషాలు చాలు. అయ్యాక అరికాలి నూనె తుడిచేయాలి, రాత్రి బాత్‌రూమ్‌కు లేచి షాబాద్ బండల మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకుంటే ఆ బాధ చాలా పెద్దది.

కొన్ని కాళ్లను అసలు ముట్టుకోవద్దు. ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి, పిక్క నొప్పిగా, వేడిగా ఉంటే రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, ఒత్తితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు పోవచ్చు. ఆపరేషన్ అయినవాళ్లు, బాలింతలు, చాలా రోజులు మంచం పట్టినవాళ్లు దీన్ని ముఖ్యంగా గుర్తుపెట్టుకోవాలి. అట్లాంటప్పుడు తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి పోవాలి. బోదకాలు ఉన్న కాలును కూడా ఇట్లా ఒత్తకూడదు, దానికి వేరే పద్ధతి ఉంది, ఆస్పత్రిలో చూపిస్తారు. కాలి రక్తనాళాలు ఉబ్బి మెలికలు తిరిగి ఉంటే వాటి మీద నొక్కొద్దు. రెండు కాళ్లూ వాస్తుంటే గుండె, కిడ్నీ చూపించుకోవాలి, ఆమ్లోడిపిన్ అనే బీపీ మాత్రతో కూడా చీలమండలు వాస్తాయి, అలాగని మీ అంతట మీరు మాత్ర ఆపేయకండి.

అరికాలిలో ఫలానా చోట నొక్కితే కిడ్నీ బాగవుతుంది, షుగర్ దిగుతుంది అని వాట్సాప్‌లో బొమ్మలు తిరుగుతుంటాయి. నమ్మకండి. ఒత్తితే అలసట తీరుతుంది, టెన్షన్ తగ్గుతుంది, ఆ మాత్రం చాలదా?

మంట సంగతి వేరే. దానికి ఒత్తడం ఒక్కటే సరిపోదు. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ, దాంతోపాటు బీ12 విటమిన్ పరీక్ష చేయించండి. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఏళ్ల తరబడి వాడేవాళ్లకు బీ12 తగ్గే అవకాశం ఉంది, అది తగ్గినా అరికాళ్లు మండుతాయి. పాదానికి సన్నని నైలాన్ దారం ఆనించి స్పర్శ ఎంత ఉందో చూసే పరీక్ష ఉంది, నొప్పి ఉండదు, రెండు నిమిషాల పని. నల్గొండ ప్రభుత్వ ఆస్పత్రికో, మీ దగ్గర్లోని షుగర్ డాక్టర్ దగ్గరికో తీసుకుపోయి, పాదాల స్పర్శ పరీక్ష చేయమని మీరే అడగండి. నడుస్తుంటే పిక్కలు పట్టేసి, నిలబడితే తగ్గుతున్నా, వేళ్లు నల్లబడుతున్నా రక్తప్రసరణ కూడా చూడాలి, ఆ మాట డాక్టర్‌కు ప్రత్యేకంగా చెప్పండి.

మడిలో దిగేటప్పుడు చెప్పులు కుదరవు, నిజమే. గట్టు మీద నడిచేటప్పుడైనా వేసుకోమనండి. ఇంటికి రాగానే కాళ్లు కడిగి ఆరబెట్టుకోవాలి. ఈ నాట్లు అయ్యేదాకా రోజూ ఒకసారి ఆ పాదాలు మీరే చూస్తుండండి.