ఆర్కిడ్ల కోసం బంగారం కుదువ పెట్టొచ్చా?

ప్రశ్న: మాది కావలి. మావారు ప్రైవేటు స్కూల్లో టీచరు, జీతం 32 వేలు. మిద్దె మీద 40 కుండీల్లో డెండ్రోబియం హైబ్రిడ్ ఆర్కిడ్లు పెంచుతున్నాను. పోయినేడు తొమ్మిది పిల్ల మొక్కలు ఒక్కోటి 300కు అమ్మాను. బంగారం మీద 10 శాతం వడ్డీకి 3 లక్షల లోను తీసుకుని, షేడ్‌నెట్ వేసి, ల్యాబ్ మొక్కలు తెప్పించి పెద్ద ఎత్తున చేద్దామనుకుంటున్నాను. 2 లక్షల ఎఫ్‌డీ కూడా ఉంది. మీరేమంటారు?

జవాబు: కావలి ఎండల్లో 40 ఆర్కిడ్లను నిలబెట్టారంటే మీకు మొక్కల సంగతి బాగా తెలుసు. అయినా ఈ లోను వద్దండీ. ఆర్కిడ్ పెరిగే తీరుకు నెలనెలా నడిచే వడ్డీకి పొత్తు కుదరదు.

డెండ్రోబియం కాడ కణుపు దగ్గర పిల్ల పుడుతుంది. దానికి సొంత వేళ్ళు రెండు అంగుళాలన్నా దిగేదాకా తుంచకూడదని మీకు తెలిసిందే. తుంచి నాటాక పువ్వు చూడాలంటే ఏడాది, ఒక్కోసారి రెండేళ్ళు. పోనీ కుండీని విడదీద్దామంటే ఒక్కో ముక్కకు మూడు నాలుగు కాడలు ఉంచాలి, లేకపోతే నీరసించి పూత మానేస్తుంది. ఇక వడ్డీ చూడండి. 3 లక్షలకు ఏడాదికి 30 వేలు, అంటే నెలకు 2,500. మీ 40 కుండీలూ ఏడాదికి తలా ఒక పిల్లనిచ్చి, అన్నీ 300 చొప్పున అమ్ముడుపోయినా వచ్చేది 12 వేలే.

ల్యాబ్ మొక్కల మాట వింటే నాకు టెన్షన్ వస్తుంది. ఒంగోలు నుంచి ఒక దంపతులు నా దగ్గరకు వచ్చారు. గాజులు కుదువ పెట్టి ఏప్రిల్‌లో ల్యాబ్ సీసాల్లో పెంచిన మొక్కలు తెప్పించారు. వేలెడంత మొక్కలు, సీసాలోని తేమకు అలవాటుపడ్డ లేత ఆకులు. రోహిణి కార్తె వెళ్ళేసరికి ముప్పాతిక వంతు ఎండిపోయాయి. గాజులు విడిపించుకోవడానికి వాళ్ళకు రెండేళ్ళు పట్టింది. ఒకవేళ మీ ల్యాబ్ మొక్కలు బతికినా అవి పూతకొచ్చేసరికి రెండేళ్ళు దాటుతుంది. అప్పటికి మీరు కట్టే వడ్డీయే 60 వేలు.

ఎఫ్‌డీని కూడా కదపకండి. మీవారిది ప్రైవేటు ఉద్యోగమన్నారు. ఇంటి ఖర్చు నెలకు 25 వేలనుకుంటే, ఆ డబ్బు ఎనిమిది నెలలు ఇల్లు నడుపుతుంది.

మరి మొక్కలు పెంచడం ఎలా? అప్పు లేకుండా, మొక్కల సొమ్ముతో, ఇంటి పొదుపుతో. దానికోసం విడిగా ఒక ఖాతా తెరవండి. మీ ఇంటి ఆదాయం నుంచి నెలకు 1,500 ఆర్‌డీ కట్టండి, ఏడాదికి 18 వేలు, పైన వడ్డీ. మిద్దె మీద 50 శాతం నీడనిచ్చే చిన్న షేడ్‌నెట్‌కు అక్కడి నుంచి తీయండి. కొత్తగా వచ్చిన పిల్లల్లో సగం అమ్మండి, సగం తల్లి మొక్కలుగా ఉంచుకోండి. అమ్మేవాటిని పూత మీద ఉన్నప్పుడే అమ్మండి, పువ్వు కనబడితే కొనేవాళ్ళు బేరమాడటం తగ్గుతుంది. ఫలెనాప్సిస్ అనే ఆర్కిడ్ రకం జోలికి మాత్రం పోవద్దు. కొన్ని వారాలు చల్లని రాత్రులు లేనిదే అది మొగ్గ తొడగదు, మన కోస్తా ఉక్కకు డెండ్రోబియమే నయం.

ఖర్చు తగ్గించే దారులు మీ చుట్టూనే ఉన్నాయి. సర్కారు తుమ్మ బొగ్గులు, కొబ్బరి పీచు, పెంకు ముక్కలు చాలు, ఖరీదైన మిశ్రమాలు అక్కర్లేదు. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే ఆకుల మీద తెల్లటి చారలు పడతాయి, వేళ్ళ కొసలు మాడతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వాన నీటిని డ్రమ్ముల్లో పట్టుకోండి. తుపాను హెచ్చరిక రాగానే నెట్ దించి కుండీలను గోడవారకు చేర్చండి.

షేడ్‌నెట్‌కు ఉద్యాన శాఖ రాయితీ ఉంది, రైతు సేవా కేంద్రంలో అడగండి. కానీ మిద్దె కుండీలకు అది వస్తుందని లెక్కేసుకుని అప్పు చేయొద్దు.

ఇప్పటినుంచి ఒక నోట్‌బుక్‌లో ప్రతి కుండీకి ఒక పేజీ పెట్టండి: పిల్ల ఎప్పుడు వేసింది, ఎప్పుడు తుంచారు, ఎప్పుడు పూసింది, ఎంతకు అమ్మారు. వచ్చే రోహిణి కార్తె దాటాక ఎన్ని నిలిచాయో రాసి పంపండి. ఆ అంకెలు చూసి రెండో షేడ్‌నెట్ సంగతి మాట్లాడుకుందాం.