బుజ్జీ, బ్యాగు సర్దే ముందు ఒక ఫోన్ చెయ్యి

ఒరేయ్ బుజ్జీ,

కొండమీద, చుట్టుపక్కల ఊరన్నది లేని లాడ్జిలో మీ ఇద్దరికీ నాలుగు రాత్రులు బుక్ చేశానని మెసేజ్ పెట్టావు. ఫోటోలు చూశాను, బాగున్నాయి. ఫోటోలు ఎప్పుడూ బాగానే ఉంటాయిలే! వాళ్లు ట్రెక్కింగ్, సైక్లింగ్, స్కీయింగ్, చేపలు పట్టడం అని వరసగా రాశారు చూడు, అది పన్నెండు నెలలకీ కలిపి రాసిన జాబితా. నీ నాలుగు రోజుల్లో అందులో ఏవి దొరుకుతాయో అడిగితేగానీ తెలియదు. మంచు కరిగే రోజుల్లో వెళ్లావనుకో, స్కీయింగ్‌కి మంచు చాలదు, నడుద్దామంటే దారంతా బురద.

అందుకే ముందు ఫోన్ చెయ్యి. చాట్ కాదు, ఫోనే. ఈ వారం ఏ దారులు మూసేశారు, చివరి కిలోమీటర్లు మామూలు కారు ఎక్కుతుందా, కరెంటు పోతే గది వెచ్చగా ఉండటానికి ఏముంది, ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే కిందికి దించడానికి ఎంతసేపు పడుతుంది, ఇవన్నీ మొహమాటం లేకుండా అడుగు. "అన్నీ సూపర్ సార్, వచ్చేయండి" అనేవాడికన్నా "పైదారి వద్దండీ, రాళ్లు జారుతున్నాయి" అనేవాడి దగ్గర దిగడం నయం. అక్కడ ఉన్నన్ని రోజులూ మీకు వార్తలైనా, వాతావరణమైనా, పోలీసైనా ఆ మనిషే కదా.

చేరిన రోజు ఏమీ పెట్టుకోకు. ఇది నేను ఒళ్లు హూనం చేసుకుని నేర్చుకున్నది. ఒకసారి కారు దిగీ దిగగానే బ్యాగు గదిలో పడేసి వెనకున్న గుట్ట ఎక్కాను, కుర్రాణ్ణనుకుని. రాత్రంతా తల పగిలిపోయింది, కడుపులో తిప్పింది, మర్నాడంతా మంచం దిగలేదు. సుమారు 2,500 మీటర్ల ఎత్తు దాటాక ఎవరికైనా ఒంటికి ఎత్తు పడక ఇలా రావచ్చు, జిమ్‌కి వెళ్లే ఒళ్లని కూడా అది చూడదు. మామూలు తలనొప్పి అయితే ఇంకా పైకి వెళ్లకుండా అక్కడే ఆగితే చాలాసార్లు ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంది. కానీ కూర్చున్నా ఆయాసం వస్తున్నా, నడకలో తూలుతున్నా, మాట తికమకగా వస్తున్నా తెల్లవారేదాకా చూద్దాం అనుకోవద్దు, రాత్రయినా సరే కిందికి దించెయ్యాలి.

నడకకి టైమెంత పడుతుందో లెక్క వేసుకోవడానికి నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు 1892లో చెప్పిన పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది: 5 కిలోమీటర్లకి ఒక గంట, పైకెక్కే ప్రతి 600 మీటర్లకి ఇంకో గంట. అంటే 10 కిలోమీటర్ల దారి, 600 మీటర్ల ఎక్కుడు ఉంటే మూడు గంటలు, అదీ ఎక్కడా ఆగకుండా నడిస్తే! మీ ఆవిడ ప్రతి పువ్వు దగ్గరా ఫోటో అంటుంది కాబట్టి నాలుగున్నర వేసుకో. వేసవిలో మధ్యాహ్నం దాటాక ఉరుములు మొదలవుతాయి, మంచు కరిగి పారే వాగులైతే పొద్దున మోకాలి లోతున్నవి సాయంత్రానికి నడుము దాకా రావచ్చు. కాబట్టి తెల్లారకముందే బయల్దేరి మధ్యాహ్నానికల్లా గదికి చేరిపోండి. మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్లు కూడా లేకపోతే శిఖరం మాట మరిచిపోయి వెంటనే దిగండి, చివరి ఉరుము విన్నాక అరగంట దాకా మళ్లీ పైకి ఎక్కొద్దు.

బట్టల గురించి ఎక్కువ చెప్పను. వెయ్యి మీటర్లు పైకెళ్తే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందని గుర్తుపెట్టుకో, జీన్స్ ఇంట్లో వదిలెయ్యి, తడిస్తే ఆరవు. మంచుంటే చలువ కళ్లజోడు తప్పనిసరి, మంచు మీద పడి తిరిగొచ్చే ఎండకి కళ్లు మండిపోతాయి. మంచు మేట వేసిన ఏటవాలు కింద నుంచి నడవాల్సి వస్తే లాడ్జివాళ్లని అడక్కుండా అడుగు వెయ్యకు. రాత్రి చలికి బొగ్గుల కుంపటి తెచ్చి గదిలో పెడతామంటే మాత్రం ససేమిరా అను. బొగ్గుల్లోంచి వచ్చే విషపు గాలికి వాసన ఉండదు, తలుపులు మూసుకుని పడుకుంటే నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

రోజూ బయటికెళ్లే ముందు ఎటు వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో ఒక కాగితం మీద రాసి కౌంటర్‌లో ఇవ్వండి. వచ్చాక వచ్చామని చెప్పడం మరిచిపోవద్దు, లేకపోతే పాపం వాళ్లు చీకట్లో టార్చీలు పట్టుకుని మీకోసం తిరుగుతారు. జేబులో ఒక ఈల ఉంచుకోండి. ఆపదలో చిక్కుకుంటే నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఆరు. అవతలినుంచి మూడుసార్లు వినిపించిందంటే మీ పిలుపు అందినట్టే. చలికి ఫోన్ ఛార్జింగ్ ఇట్టే పడిపోతుంది, అందుకే దాన్ని లోపలి జేబులో ఒంటికి ఆనించి పెట్టుకో, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకో.

నాలుగు రోజుల్లో ఒకటి ఖాళీగా వదిలెయ్యండి. వాన పట్టిందని టెన్షన్ పడకుండా కిటికీ పక్కన కూర్చుని మబ్బు లోయలోకి దిగుతుంటే చూడటానికి పనికొస్తుంది. నాకైతే అన్ని ప్రయాణాల్లోనూ ఆ ఖాళీ రోజులే బాగా గుర్తున్నాయి.

ఫోన్ చేశాక వాళ్లేమన్నారో నాకు మెసేజ్ పెట్టు.

మీ పెద్దనాన్న