ఓపెన్ బ్యాక్ ప్లానార్ హెడ్‌ఫోన్లు: షాపులో పది నిమిషాలు కాదు, మూడో గంట చూడాలి

మీరు అడిగింది ఇదీ: రోజుకు మూడు నాలుగు గంటలు వింటారు, కళ్లజోడు ఉంది, ఇప్పుడు సెన్‌హైజర్ హెచ్‌డీ 650 హెడ్‌ఫోన్ వాడుతున్నారు. హైఫైమ్యాన్ సుందరా, ఎడిషన్ ఎక్స్‌ఎస్, ఆడిసీ ఎల్‌సీడీ-ఎక్స్, ఈ మూడు ఓపెన్ బ్యాక్ (కప్పుల వెనక మూత లేకుండా తెరిచి ఉండే) ప్లానార్లలో ఏది బాగా మోగుతుంది, ఏది తలకు హాయిగా ఉంటుంది, విడిగా యాంప్ (యాంప్లిఫయర్) కొనక తప్పదా అని. (స్పెల్లింగ్ చూసి చాలామంది ఆడెజ్ అంటారు గానీ కంపెనీవాళ్లు ఆడిసీ అనే పలుకుతారు.)

మూడూ నా తల మీద కూర్చున్నవే. సుందరా నాలుగేళ్లుగా నా దగ్గరుంది. ఎడిషన్ ఎక్స్‌ఎస్ ఏడాదిన్నర వాడి తమ్ముడికి ఇచ్చేశాను. ఎల్‌సీడీ-ఎక్స్ స్నేహితుడిది, ఊరెళ్తూ మూడు వారాలు నా దగ్గర వదిలాడు. నాదీ కళ్లజోడు మొహమే. అంతకుముందు వాడింది మీలాగే హెచ్‌డీ 650.

సౌండు ఒక ప్రశ్న, కంఫర్టు ఇంకో ప్రశ్న అన్నట్టు అడిగారు. ప్లానార్లతో కొన్నాళ్లు కాపురం చేశాక నాకు తెలిసొచ్చింది, ఆ రెండూ ఒకటే ప్రశ్న. ప్యాడు చెంపకు ఎంత బాగా ఆనితే బేస్ అంత. బరువుకు తల వంగిందా, ప్యాడు జరుగుతుంది. ప్యాడు జరిగిందా, సౌండు మారుతుంది. అందుకే స్పెక్ షీటులో గ్రాముల అంకె ఒక్కటీ చూసి కంఫర్టు తేల్చకండి, గ్రాఫు ఒక్కటీ చూసి సౌండూ తేల్చకండి.

ముందు ప్లానార్ అంటే ఏంటో రెండు ముక్కలు, ఎందుకంటే బరువు గొడవంతా అక్కడే మొదలవుతుంది. మీ 650లో ఉన్నది డైనమిక్ డ్రైవరు. చిన్న కాయిల్, దానికి అతికించిన పొర. కాయిల్ నెడితే పొర కదులుతుంది. ప్లానార్‌లో కాయిల్ విడిగా ఉండదు. చాలా పల్చటి ఫిల్మ్ మీదే కరెంటు దారి పరిచి ఉంటుంది, దాని పక్కన వరుసగా అయస్కాంతాలు. ఫిల్మ్ మొత్తం ఒకేసారి కదులుతుంది. అంత వెడల్పు ఫిల్మ్‌ని కదపాలంటే అన్ని అయస్కాంతాలు కావాలి, అయస్కాంతం అంటే బరువు. ఇది కొత్త విద్యేం కాదు, యమహా 1976లోనే హెచ్‌పీ-1 అని ఇలాంటిది అమ్మింది, పేరు మాత్రం ఆర్థోడైనమిక్ అని పెట్టుకుంది.

అంకెలు చూడండి: మీ 650 బరువు 260 గ్రాములు. సుందరా 372. ఎడిషన్ ఎక్స్‌ఎస్ 405. ఎల్‌సీడీ-ఎక్స్ 612. అంటే మీరిప్పుడు మోస్తున్నదానికి రెండింతలు దాటింది. ఎల్‌సీడీ-ఎక్స్‌లో డ్రైవరే 106 మిల్లీమీటర్లు మరి.

ఇక సౌండు. మూడింటినీ పక్కపక్కన పెట్టి విన్నప్పుడు ముందు వాల్యూమ్ సరిచేసుకున్నాను. ఇది చెయ్యకపోతే మిగతాదంతా వృథా. ఒక్క డెసిబెల్ ఎక్కువున్నదే మన చెవికి "బాగుంది" అనిపిస్తుంది. పింక్ నాయిస్ (అన్ని ఫ్రీక్వెన్సీలూ కలిసిన హోరు) పెట్టి, మార్చి మార్చి తొడుక్కుని, రెండూ ఒకే మోతాదులో వినిపించే దగ్గర వాల్యూమ్ గుర్తు పెట్టుకున్నా. అప్పుడే పాట మొదలు.

650 నుంచి సుందరాకి మారిన రోజు నాకు మొదట తగిలిన తేడా బేస్ లోతు. మృదంగం తీసుకోండి. 650లో కుడివైపు మోత ముచ్చటగా ఉంటుంది, ఎడమవైపు తొప్పి గుంకీ (ఒత్తి లాగే లోతైన మోత) మాత్రం పైపైన గుండ్రంగా వినిపించి, అడుగున ఖాళీ అవుతుంది. సుందరాలో ఆ అడుగు ఉంది. ఎక్కువ అని కాదు, ఉంది. ఓపెన్ బ్యాక్ డైనమిక్‌లు మామూలుగా బాగా కింది ఫ్రీక్వెన్సీల్లో జారిపోతాయి. ప్లానార్‌లు, సీల్ (ప్యాడు చెంపకు సందు లేకుండా ఆనడం) బాగుంటే, దాదాపు అదే గీత మీద కిందిదాకా వెళ్తాయి. అయితే "ప్లానార్ బేస్ గుద్దుతుంది" అని ఎవరైనా చెబితే నమ్మకండి. గుద్దుడు నాకైతే 650లోనే కాస్త ఎక్కువనిపిస్తుంది. ప్లానార్‌ది సాగే బేస్, గుంకీ ఎక్కడ మొదలై ఎక్కడ ఆరిందో చూపించే బేస్.

సుందరా ట్రెబుల్ కొంచెం ముందుకుంటుంది. స, శ గట్టిగా పలికే గొంతులు, పాత రికార్డింగులు కొన్ని ఇబ్బంది పెడతాయి. స్టేజి (సంగీతం మన చుట్టూ ఎంత దూరం పరుచుకున్నట్టు అనిపిస్తుందో అది) పెద్దదేం కాదు, 650 కన్నా కాస్త విశాలం, అంతే.

ఎడిషన్ ఎక్స్‌ఎస్ పెట్టుకోగానే గది గోడలు వెనక్కి జరిగినట్టుంటుంది. కప్పులు గుడ్డు ఆకారంలో చెవి పైనుంచి దవడ దాకా వస్తాయి. బేస్ సుందరా కన్నా కిందికి దిగుతుంది. తంబుర శ్రుతి తలచుట్టూ పొగమంచులా పరుచుకుంటుంది. ఇందులో ఒక కిటుకు ఉంది: 1 నుంచి 2 కిలోహెర్ట్జ్ మధ్య కొద్దిగా పల్లం. గొంతులు రెండడుగులు వెనక్కి జరగడానికి అదీ ఒక కారణం. స్టేజి కావాలనుకునేవాళ్లకి అది వరం. నాకు గాత్రం ప్రాణం, గాయకుడు ఎదురుగా కూర్చుని పాడాలి. అందుకే వాద్యాలకి ఎక్స్‌ఎస్, గొంతుకి సుందరా అని కొన్నాళ్లు రెండూ మార్చి మార్చి వాడాను. చివరికి బద్ధకం గెలిచింది.

ఎల్‌సీడీ-ఎక్స్ వేరే జాతి. బేస్‌లో ఆ బరువు, ఆ నునుపు మిగతా రెండింట్లో లేవు, ఇది ఒప్పుకోవాలి. ఘటం మీద వేలు పడ్డప్పుడు మట్టి వినిపిస్తుంది. కానీ ఈక్యూ (ఒక్కో ఫ్రీక్వెన్సీని విడిగా పెంచడం, తగ్గించడం) లేకుండా వింటే స్త్రీల గొంతు, వయొలిన్ పై తీగ ఏదో తెర వెనకనుంచి వచ్చినట్టు ఉన్నాయి నా చెవికి. 3, 4 కిలోహెర్ట్జ్ దగ్గర మూడు డెసిబెల్స్ లేపగానే తెర తొలగింది. ప్లానార్‌లలో నాకు బాగా నచ్చే గుణం ఇదే, ఈక్యూ ఎంత వేసినా మొరాయించవు. సుందరాలో 100 హెర్ట్జ్ కింద నాలుగు డెసిబెల్స్ పెంచి రోజూ వింటాను, బేస్ బురద అవ్వదు. ఇందుకు విండోస్‌లో ఈక్వలైజర్ ఏపీఓ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. ఒక్క జాగ్రత్త, ఎంత పెంచారో అంత ప్రీయాంప్ (అందులోనే ఉండే మొత్తం సౌండు స్థాయి) తగ్గించండి, లేదంటే క్లిప్ అయ్యి, అంటే సౌండు పగిలి, హెడ్‌ఫోన్‌ని తిట్టుకుంటారు.

ఇప్పుడు అసలు కథ, తల.

ఎల్‌సీడీ-ఎక్స్‌తో మొదటి అరగంట నాకు బరువే తెలీలేదు. ప్యాడ్లు దిండ్లలా ఉంటాయి. "జనం అతి చేస్తారు" అనుకున్నా కూడా. గంటన్నరకి మెడ వెనక ఒక నరం పలకరించింది. కంప్యూటర్ ముందు పని చేస్తూ వినేవాణ్ణి, అంటే తల కొద్దిగా ముందుకి వంగి ఉంటుంది. నిటారుగా ఉన్న తల మీద 612 గ్రాములు ఒక లెక్క, వంగిన తల మీద ఇంకో లెక్క. మెడ కండరాలు దాన్ని పట్టుకుని వేలాడాలి. అదే హెడ్‌ఫోన్‌తో కుర్చీ వెనక్కి వాల్చి, కళ్లు మూసుకుని విన్న రోజున రెండు గంటలైనా ఏమీ అనిపించలేదు. స్నేహితుడు ఏళ్లుగా హాయిగా వాడుతున్నాడు, అతను వినేది అలా వాలే. కాబట్టి మీ మూడు నాలుగు గంటలు పని చేస్తూనా, వాలి పడుకునా అన్నది గ్రాముల కన్నా ముఖ్యం.

రెండో విషయం నడినెత్తి. బరువంతా ఒక సన్నటి గీత మీద పడితే 370 గ్రాములైనా నొప్పే. సుందరాకి బ్యాండు కింద వెడల్పాటి పట్టీ వేలాడుతుంది, తల ఆకారానికి అదే సర్దుకుంటుంది. నా జుట్టు పల్చబడ్డాక ఆ పట్టీ విలువ ఇంకా తెలిసింది. కొత్తలో బిగుతు ఉంటుంది, రెండు వారాలకి సడలుతుంది. నేను రాత్రుళ్లు పుస్తకాల దొంతర మీద తొడిగి ఉంచేవాణ్ణి. ఇనుము బద్దని చేత్తో వంచే ధైర్యం నాకు లేదు.

ఎడిషన్ ఎక్స్‌ఎస్‌ది మెత్త ఉన్న మామూలు బ్యాండు, పట్టీ లేదు, కప్పులు పక్కకి తిరగవు. పెద్ద తల ఉన్న మా తమ్ముడికి అది టోపీలా అమరింది. నాది చిన్న తల. బ్యాండుని పూర్తిగా కుదించినా కప్పులు కిందికే దిగి, దవడ దగ్గర సన్నటి సందు మిగిలేది. ఆరు నెలలు "ఎక్స్‌ఎస్‌లో బేస్ లోతు అన్నారు, ఏదీ?" అని వెతుక్కున్నాను. ఒకరోజు విసుగొచ్చి బ్యాండు కింద మెత్తటి గుడ్డ మడత పెట్టా. కప్పులు అంగుళం పైకి లేచాయి, సందు మూసుకుంది, బేస్ వచ్చి కూర్చుంది. అన్నాళ్లూ తప్పు పట్టాల్సింది హెడ్‌ఫోన్‌ని కాదు, నా తలనే.

కళ్లజోడు సంగతీ అంతే. కాడ ప్యాడు కిందనుంచి వెళ్తుంది, చెంపకీ ప్యాడుకీ మధ్య చిన్న సొరంగం తవ్వుతుంది. పరీక్ష చాలా తేలిక. 40 హెర్ట్జ్ టోన్ పెట్టండి, వాల్యూమ్ తక్కువగా. రెండు అరచేతులతో కప్పుల్ని మెల్లగా తలవైపు నొక్కండి. మోత పెరిగిందా, మీకు సీల్ లీకవుతోంది. తర్వాత కళ్లజోడు తీసి మళ్లీ చూడండి. నా మందపాటి ప్లాస్టిక్ ఫ్రేముతో తేడా కొట్టొచ్చినట్టు తెలిసింది, సన్నటి లోహపు కాడలున్న ఫ్రేముకి మారాక దాదాపు పోయింది. హెడ్‌ఫోన్ మార్చకుండా బేస్ పెంచుకున్న ఘనుణ్ణి నేను.

అలా నొక్కినప్పుడు లోపల "చిటుక్" మని చిన్న శబ్దం వస్తే కంగారు పడకండి. గాలి ఒత్తిడికి ఫిల్మ్ వంగే చప్పుడది, ప్లానార్‌లలో మామూలే. కాకపోతే తొడుక్కునేటప్పుడు చెవులకి ఠప్పున కొట్టినట్టు తొడగొద్దు. బల్ల మీద పెట్టేటప్పుడు పక్కన గుండుసూదులు, చిన్న స్క్రూలు లేకుండా చూసుకోండి, ఆ అయస్కాంతాలు లాగేసుకుంటాయి.

ప్యాడ్ల గురించి ఒక మాట. ఏడాదిన్నర వాడాక నా సుందరా క్రమంగా పదునెక్కింది. యాంప్ పోయిందేమో అనుకుని కేబుళ్లు మార్చి, సెట్టింగులన్నీ తిరగేసి, రెండు ఆదివారాలు తగలేశాను. ప్యాడ్లు అణిగిపోయి డ్రైవర్ చెవికి దగ్గరైందంతే. కొత్త ప్యాడ్లు వేశాక పాత సుందరా తిరిగొచ్చింది. ఏ కంపెనీవైనా ప్యాడ్లు అరిగేవే, కొనేముందు విడిగా దొరుకుతాయో లేదో చూసుకోండి. యోక్ (కప్పుని బ్యాండుకి పట్టి ఉంచే కొమ్ము), హెడ్‌బ్యాండ్ సంగతి కూడా. వీటికి ముందు నా దగ్గర ఇంకో ప్లానార్ ఉండేది, పేరు అనవసరం, యోక్ విరిగితే విడిభాగం దొరక్క అది ఇప్పటికీ అటక మీదే ఉంది.

యాంప్ మాటకొస్తే, 650కి మీ దగ్గర ఇప్పటికే ఏదో ఉండే ఉంటుంది. కానీ 650 ఇంపెడెన్స్ (కరెంటుకి అడ్డు) 300 ఓమ్‌లు, దానికి కావలసింది వోల్టేజి. వీటికి కావలసింది కరెంటు. ఎడిషన్ ఎక్స్‌ఎస్ 18 ఓమ్‌లు, మిల్లీవాట్‌కి 92 డెసిబెల్స్. పాటలో ఒక్కసారిగా వచ్చే 110 డెసిబెల్స్ శిఖరానికి సుమారు 63 మిల్లీవాట్లు, అంటే దాదాపు 1 వోల్టు, 60 మిల్లీయాంపియర్లు. సుందరా 37 ఓమ్‌లు, 94 డెసిబెల్స్, 40 మిల్లీవాట్లతో సరిపెట్టుకుంటుంది. వింత ఏంటంటే అన్నిటికన్నా భారీగా కనిపించే ఎల్‌సీడీ-ఎక్స్ 103 డెసిబెల్స్, 5 మిల్లీవాట్లు చాలు. ఎక్స్‌ఎస్‌తో పోలిస్తే పన్నెండో వంతు! ఫోన్‌కి పెట్టుకునే చిన్న డాంగిల్‌తోనే స్నేహితుడిది బ్రహ్మాండంగా మోగింది. కాబట్టి మీ యాంప్ స్పెక్‌లో 300 ఓమ్‌ల దగ్గరి అంకె కాదు, 16 లేదా 32 ఓమ్‌ల దగ్గర ఎన్ని మిల్లీవాట్లో చూడండి. రెండు మూడు వందలు ఉంటే మూడింటికీ ధారాళం. మీది ట్యూబ్ యాంప్, అందులోనూ ఓటీఎల్ (అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లేని) రకం అయితే మాత్రం అది 650కే ఉంచండి. ప్లానార్ ఇంపెడెన్స్ గీత దాదాపు చదునుగా ఉంటుంది గనుక దాని టోన్ పెద్దగా మారదు, కానీ కరెంటు చాలక వాల్యూమ్ పెంచిన చోట నీరసపడుతుంది.

మీ స్థానంలో నేనుంటే, పని చేస్తూ వినేదైతే ఎల్‌సీడీ-ఎక్స్‌ని పక్కన పెట్టేస్తాను, అది ఎంత బాగా మోగినా సరే. మిగతా రెండింట్లో మీ టోపీ సైజు తేలుస్తుంది. పెద్ద తలైతే ఎక్స్‌ఎస్, చిన్నదైతే సుందరా. 650 మాత్రం అమ్మకండి, అర్ధరాత్రి గొంతు ఒక్కటే వినాలనిపిస్తే నేను ఇప్పటికీ దాని దగ్గరికే వెళ్తాను. ఇంతకీ మీ కళ్లజోడు కాడలు సన్నవా మందమా అన్నది రాయలేదు. మందమైతే పైన చెప్పిన 40 హెర్ట్జ్ పరీక్ష ముందు మీ 650 మీదే చేసి, ఎంత తేడా వచ్చిందో ఇక్కడ చెప్పండి.