స్కీ బూట్లలో వేళ్ళు మొద్దుబారుతుంటే ఇలా చేయండి

బ్రో, సియాటెల్ దగ్గరి స్కీ రిసార్ట్ స్నోక్వాల్మీలో రెంట్‌కి తీసుకున్న స్కీ బూట్లలో వేళ్ళు మొద్దుబారి, మోకాలి కింద ముందు ఎముక నొప్పెడుతోందన్నావు కదా, రెండు జతల సాక్స్ వేశానన్నావ్ చూడు, సగం గొడవ అక్కడే ఉంది. పల్చటి ఊలు సాక్స్ ఒక్క జతే వేస్కో, లోపల వేసుకునే థర్మల్ ప్యాంటుని బూట్‌లోకి దూర్చకు.

మనోళ్ళు మామూలు షూ సైజ్ చెప్పి ఇంకో నంబర్ పెద్దది అడుగుతారు (చలికి మంచిదని!), కానీ స్కీ బూట్ సైజంటే పాదం పొడవు సెంటీమీటర్లలో, 26.5 పాదానికి 26.5 బూటే. నిటారుగా నిలబడితే వేళ్ళు ముందు కొంచెం తగలాలి, మోకాళ్ళు వంచితే వెనక్కి జరగాలి. వదులైతే కాలు లోపల ఊగి ఆ ఎముకకే కొట్టుకుంటది, వాలు చూసి భయపడి వెనక్కి వాలినా అంతే.

వేసుకునేప్పుడు మడమ నేలకి తట్టి వెనక్కి కూర్చోబెట్టి, చీలమండ దగ్గర బకిల్ ముందు బిగించు, వేళ్ళ మీదవి ఊరికే తగిలించు చాలు, అక్కడ బిగిస్తే రక్తం ఆడదు.

స్నోబోర్డ్‌కి మారిపోనా అన్నావ్, ఆ బూట్ మెత్తగానే ఉంటది గానీ మొదట్లో పడేదంతా చేతుల మీద, పిర్రల మీదే, మణికట్టుకి కట్టుకునే రిస్ట్ గార్డ్స్ లేకుండా వెళ్ళకు. ముందైతే రెంటల్ కౌంటర్‌లో పాదం కొలిపించి బూట్ మార్చమని అడుగు.